అరుగు మీద నిండు చెంబు

ఆ రోజు దేవమ్మ చేసిన చివరి పని, స్టీలు చెంబు నిండా నీళ్లు ముంచుకొచ్చి అరుగు మీద పెట్టడం.

సైదులు క్వారీ నుంచి ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. చెప్పులు విడుస్తూ చూశాడు. గుంజ పక్కన, నీడ పడే చోట, అంచుదాకా నిండిన చెంబు. మూత లేదు. పొద్దంతా సున్నపురాయి దుమ్ము మింగిన గొంతు ఆయనది. తను వచ్చే వేళకు భార్య తీసి పెట్టిందనుకున్నాడు. ఎత్తుతుంటే నీళ్లు తొణికి పాదాల మీద పడ్డాయి. గుక్క తిప్పుకోకుండా తాగి, ఖాళీ చెంబు చేత్తో పట్టుకునే "ఏమే" అంటూ లోపలికి పోయాడు.

దేవమ్మ పొయ్యి దగ్గర ఒక పక్కకు ఒరిగి ఉంది. కునుకు పట్టిందేమో అనుకున్నాడు. ఆమె పగటిపూట నడుం వాల్చే మనిషి కాదన్న సంగతి ఆ తరువాత గుర్తుకొచ్చింది.

మఠంపల్లి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో నాటు వేయించే రైతులెవరినడిగినా దేవమ్మ కూలి ముఠా అంటే తెలుసు. పాలకీడు దిక్కు నుంచి కోడలై వచ్చింది. వచ్చిన మొదటి వానాకాలమే మడిలో దిగింది. పదేళ్లు తిరిగేసరికి ముఠా అంతా ఆమె వెనక నడిచింది. మడిలో ఆడవాళ్లు వరసగా నిలబడి, ఎవరి వంతు మునుం వాళ్లు పట్టుకుని, వంగి నాటుకుంటూ వెనక్కి జరుగుతారు. ఎడమ కొస ఎప్పుడూ దేవమ్మదే. ఆమె జరిగితే వరస జరుగుతుంది. ఆమె ఆగితే ఆగుతుంది. నోరు మాత్రం ఆగేది కాదు. ఎవరైనా వెనకబడితే "ఏందే, నారు నాటుతున్నవా, జడ అల్లుతున్నవా?" అని తల ఎత్తకుండానే అనేది. ఎవరు వెనకబడ్డారో ఆమెకు నీళ్ల చప్పుడుతోనే తెలిసేదని ముఠావాళ్లు చెప్పుకునేవారు.

ఆమె ముఠాకు ఒక కట్టడి ఉండేది. చాలా ఏళ్ల కిందట ముత్తమ్మ అనే ఆవిడ నడిమధ్యాహ్నం నాటు వేస్తూ వేస్తూ తల తిరిగి ముందుకు పడింది. అందరూ వంగి ఉన్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. చూసి జుట్టు పట్టుకుని లేపేసరికి ముక్కు, నోరు నిండా బురద. బతికింది గానీ ఆ రోజు నుంచి దేవమ్మ గట్టిగా చెప్పేసింది. తల తిరిగినట్టు అనిపించిన మనిషి అక్కడికక్కడ చేతిలో నారు వదిలేసి గట్టెక్కాలి. ఆమె మునుం మిగతావాళ్లు పంచుకుని నాటాలి. కూలి మాత్రం తగ్గించొద్దు. రెండోసారి తల తిరిగితే ఆ కారు, అంటే ఆ పంటకాలం నాట్లన్నిటికీ, ఆ మనిషి ముఠాలోకి రావద్దు. ఎవరెంత బతిమాలినా దేవమ్మ వినేది కాదు. "బురదకు మనిషి మీద జాలి ఉండది. పడితే లేవనియ్యది" అనేది. సొంత మరదలినే ఒక కారంతా ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ మరదలు ఆర్నెల్లు మాట్లాడలేదు.

సైదులు మనిషి వేరు. పుట్టిన పిల్లలు నిలవకపోతే వాళ్లమ్మ జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టుకుంది. ఆ తరువాత వాళ్లు చర్చికి వెళ్లడం మొదలుపెట్టినా పేరు అలాగే ఉండిపోయింది. క్వారీలో బ్లాస్టింగ్ కోసం రాయికి బొక్కలు వేసే డ్రిల్లు మీద ఆయన పని. పొద్దున పట్టుకుంటే దిగేదాకా చేతులు, భుజాలు, పళ్లు, కడుపులో పేగులు కూడా అదురుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి గ్లాసు పట్టుకుంటే గ్లాసులో చాయ్ వణికేది. అన్నం తిన్నాక మంచం మీద పడితే మళ్లీ పొద్దున లేవడమే.

ఆ ఊళ్లో భూమి అదరడం కొత్త కాదు. మధ్యాహ్నం క్వారీ సైరన్ కూస్తుంది. కాసేపటికి బ్లాస్టింగ్ అవుతుంది. అల్మారాలో గిన్నెలు గల్లుమంటాయి. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుని సొట్టలు పడకుండా ఆడవాళ్లు మధ్యమధ్య పాత చీర పేలికలు పెట్టుకుంటారు. ఇంటి దగ్గరున్న వాళ్లు ఆ మోత వినే ఎసరు పెడతారు.

కిందటేడు చలికాలం ఒక ఆదివారం తెల్లవారుజామున సైరన్ లేకుండానే గిన్నెలు మోగాయి. తలుపు గొళ్లెం దానంతట అదే కొట్టుకుంది. కోళ్లు గంప కింద గోలపెట్టాయి. వాడంతా దుప్పట్లు కప్పుకుని బయటికి పరుగెత్తింది. దేవమ్మ కూడా పరుగెత్తి, రోడ్డు మీద నిలబడి లెక్క చూసుకుంటే మొగుడు లేడు. భూమి ఇంకా సర్దుకోకముందే మళ్లీ ఇంట్లోకి పోయింది. సైదులు గురక పెడుతున్నాడు. భుజం పట్టి ఊపింది.

"లే అయ్యా, భూమి కదులుతంది."

సైదులు కళ్లు తెరవలేదు. "ఇయ్యాల ఆదివారం. బ్లాస్టింగ్ ఉండది. పండుకో" అని అటు తిరిగాడు.

ఆ మాట వాడంతా పాకింది. పక్కింటి అరుణ ముఠాలో పనిచేసేది. దేవమ్మను అక్కా అని, సైదులును బావా అని పిలిచేది. ఆమె నోటికి హద్దు లేదు. "నీ మంచానికి నాలుగు టైర్లు కడితే కోదాడ దాక పోయినా నువ్వు లేవవు బావా" అంది. సైదులు కూడా నవ్వాడు. పొద్దంతా డ్రిల్లు మీద అదిరే ఒంటికి భూమి అదిరితే ఎట్లా తెలుస్తుందని అడిగాడు. "నాకు కదిలితే తెల్వది. ఆగితే తెలుస్తది" అన్నాడు.

తరువాత చాలా రోజులు ఊరు నిద్ర సరిగ్గా పోలేదు. చిన్నచిన్న అదుర్లు వస్తూనే ఉన్నాయి. మంచాలు బయటేసుకున్నారు. కొందరికి తెలిసేవి, కొందరికి తెలిసేవి కావు. పొద్దున్నే బోరింగు దగ్గర అదే ముచ్చట. నీకు వచ్చిందా, నాకు వచ్చింది, మా అత్తకు రాలేదు అని, జ్వరం గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు. హైదరాబాద్ నుంచి సార్లు వచ్చి బడిలో ఒక మిషను పెట్టారు. ఇలాంటివి కొన్నాళ్లపాటు వస్తూ పోతూ ఉంటాయని, వాటితో ఇళ్లు కూలవని, చాలామటుకు మనుషులకు తెలియనే తెలియవని చెప్పారు. ఎండలు ముదిరేసరికి అదుర్లు తగ్గాయి. మంచాలు లోపలికి వెళ్లాయి. మిషను కూడా తీసుకుపోయారు.

దేవమ్మకు మాత్రం ఆగలేదు.

వానాకాలం నాట్లలో మొదటిసారి అందరి ముందు అంది. వరస నడుస్తుండగా ఉన్నట్టుండి వెనక్కి జరగడం ఆపేసి, రెండు చేతులూ మోచేతులదాకా బురదలో పాతుకుని అలాగే వంగి ఉండిపోయింది. వరస ఆగింది. "భూమి కదిలింది" అంది కాసేపటికి. ఆడవాళ్లు నడుములెత్తి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియలేదు. మీరంతా ముచ్చట్లలో ఉంటే మీకేం తెలుస్తుందని దేవమ్మ గదమాయించింది. అరుణ మాత్రం "బురదల ఉన్నం గద అక్కా, భూమి ఊపుడు ఊపితే బురద మింగుతంది" అని ఏదో లెక్క చెప్పింది. అందరూ నవ్వారు. వరస కదిలింది.

ఆ కారులో ఇంకో రెండు మూడుసార్లు అయింది. ఇంటి దగ్గర కూడా అయ్యేది. చీపురు పట్టుకుని ఊడుస్తూ ఊడుస్తూ గుంజను పట్టుకుని నిలబడేది. పెద్ద పెద్ద సార్లే చాలావాటివి మనుషులకు తెలియవన్నారు కాబట్టి ఎవరూ అనుమానపడలేదు. పైగా దేవమ్మకు పేరొచ్చింది. వాడలో ఏ ఇంట్లో గిన్నె కింద పడినా "దేవమ్మనడుగు, వచ్చిందో లేదో" అనేవారు. చర్చిలో పాస్టరు ప్రార్థన అయ్యాక నవ్వుతూ, ఈ వారం ఎన్ని వచ్చినయమ్మా అని అడిగాడు. కూతురు శ్రీలతను మిర్యాలగూడలో ఇచ్చారు. అల్లుడిది రైసుమిల్లులో పని. మిల్లు గోడకు ఆనుకునే వాళ్ల కిరాయి గది. శ్రీలత ఫోన్ చేసినప్పుడల్లా మొదట అదే అడిగేది. "నీకేమో ఆగుతలేదు, మాకేమో మిల్లు ఆగితే నిద్ర వస్తలేదు" అని నవ్వేది. దేవమ్మ కూడా నవ్వేది. మీ నాయన పోలిక వచ్చింది నీకు, అనేది.

సైదులు తన జీవితంలో ఒక్క భూకంపం కూడా ఎరగడు. ఆ లోటు భార్య తీరుస్తుందన్నట్టు ఉండేవాడు. మంచం మీద సగం నిద్రలో ఉండి, ఆమె గుంజ పట్టుకున్న అలికిడి వినబడితే "వచ్చిందా?" అని అడిగేవాడు. "వచ్చిపోయింది. పండుకో" అనేది. ఆయన పడుకునేవాడు. ఆ రెండు మాటలు వాళ్లిద్దరి మధ్య దీపం ఆర్పడం లాగా రోజువారీ పని అయిపోయాయి.

అరుణ నెలలు నిండుతున్నాయని పుట్టింటికి, నడిగూడెం వెళ్లిపోయింది. చలికాలంలో యాసంగి నాట్లు దేవమ్మే వేయించింది. ఆఖరి మడి అయిపోయి ఆడవాళ్లంతా గట్టు మీద కాళ్లు కడుక్కుంటుంటే, ఈ ఏడు నడుం పట్టేసిందని, వచ్చే కారుకు ఎడమ కొస అరుణకు ఇస్తానని అంది. ఎవరూ నమ్మలేదు. ఏటా ఏదో ఒకటి అంటుందిలే అనుకున్నారు.

తరువాతి వారమే ఆ చెంబు.

ఊపిరి ఇంకా ఆడుతుంటే దేవమ్మను కోదాడ తీసుకుపోయారు. అక్కడ తలకు ఫోటో తీసి, ఇక్కడ కాదని సూర్యాపేట పంపించారు. సూర్యాపేట పెద్దదవాఖానలో ఒక కుర్ర డాక్టరు ఆ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. మెదడులో గడ్డ ఉందని, అది చిట్లి నెత్తురు కమ్మిందని చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి తల తిరుగుతోందని అడిగాడు.

"తల తిరుగుడు ఎన్నడు లేదు సార్" అన్నాడు సైదులు. "భూమి కదులుతుండె."

డాక్టరుకు అర్థం కాలేదు. సైదులు మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. ఆదివారం తెల్లవారుజాము, బడిలో మిషను, మడిలో బురద, గుంజ. చెబుతూ చెబుతూ సగంలో తన మాటలు తనకే వినబడ్డాయి. ఆగిపోయాడు. డాక్టరు ఫోటోను కవరులో పెట్టి, ఆ కవరు సైదులు చేతికి కాకుండా, మిర్యాలగూడ నుంచి వచ్చిన శ్రీలత చేతికి ఇచ్చాడు. శ్రీలత ఏడుస్తూ ఒక్కటే మాట పట్టుకుంది. "మా అమ్మకే తెల్వదు సార్. తెలిస్తే చెప్పకుంట ఉంటదా?"

దేవమ్మ కళ్లు తెరవకుండానే పోయింది.

సమాధి దగ్గరికి ముఠా అంతా వచ్చింది. చంటిబిడ్డ తల్లి అయినా అరుణ నడిగూడెం నుంచి ఆటోలో వచ్చి, మట్టి వేసి, బిడ్డ పాలకు ఏడుస్తుందని ఆ పూటకే వెళ్లిపోయింది. సైదులు ఏడవలేదు. పరామర్శకు వచ్చిన వాళ్లకు మాత్రం ఒకటే చెప్పేవాడు. తనకు ఇంత రోగముందని పాపం ఆమెకు తెలియదు, భయం లేకుండా పోయింది. ఆఖరుకు కూడా నేను దూప మీద వస్తనని నీళ్లు ముంచి పెట్టి పోయింది. చెప్పినప్పుడల్లా చెంబు తెచ్చి చూపించేవాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఆడమనిషి అదృష్టమంటే అది అనేవారు కొందరు.

ఆయనకు ఆ రెండు సంగతులే మిగిలాయి. వాటి మీదే లేచి తిరిగాడు. శ్రీలత మిర్యాలగూడ వచ్చి తమతో ఉండమంది. ఉండనన్నాడు. మళ్లీ క్వారీకి పోవడం మొదలుపెట్టాడు. పొద్దున డ్యూటీకి పోయే ముందు చెంబు నిండా నీళ్లు ముంచి, గుంజ పక్కన, ఆమె పెట్టిన చోటే పెట్టేవాడు. సాయంత్రం వచ్చి, నిలబడే తాగి లోపలికి వెళ్లేవాడు. పొద్దంతా దుమ్ము పడి, ఎండ జరిగి వచ్చి నీళ్లు వేడెక్కి ఉండేవి. అయినా అవే తాగేవాడు. ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉంటుందని ఒకసారి కూతురికి ఫోన్లో చెప్పి, ఎందుకు చెప్పానా అని తరువాత నొచ్చుకున్నాడు.

వానాకాలం వచ్చింది. కాలువ వదిలారు. నారుమళ్లు పచ్చబడ్డాయి. అరుణ బిడ్డను తీసుకుని అత్తింటికి వచ్చేసింది. ఆరోజు పొద్దున్నే చినుకులు పడుతుంటే, బిడ్డను చంకనేసుకుని సైదులు అరుగు దగ్గరికి వచ్చింది. ముఠా నాటుకు పోతోంది. అక్క నెత్తి మీద వేసుకునే ప్లాస్టిక్ కవరు ఉంటే ఇమ్మని అడిగింది. ఎడమ కొస తనకే ఇచ్చారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకుంది. అక్క పెట్టిన కట్టడి అలాగే నడుపుతున్నామని, మొన్న ఒకామెకు రెండోసారి తల తిరిగితే ఏడ్చినా వినకుండా ఇంటికి పంపించామని కూడా చెప్పింది.

సైదులు లోపలికి పోయి కవరు దులిపి తెచ్చి ఇచ్చాడు. మళ్లీ పోయి చెంబు తెచ్చాడు. అంచుదాకా ఉన్న నీళ్లు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని, గుంజ పక్కన మెల్లగా దించాడు. డ్రిల్లు పట్టే చేతులు. ఎంత మెల్లగా దించినా కొంచెం ఒలికింది.

అరుణ చూస్తూ నిలబడింది.

"మళ్లా వస్తున్నయా బావా?"

"ఏంది?"

"భూకంపాలు. నీళ్లు పెట్టి సూస్తున్నవ్ గద, అక్క లెక్క."

సైదులుకు అర్థం కాలేదు. అక్క నీళ్లు పెట్టి చూసేదేమిటని అడిగాడు.

"అయ్యో, నీకు తెల్వదా? నువ్వు డ్యూటీల ఉంటివి. జర కదిలినట్టు అనిపిస్తే సాలు, అక్క చెంబు నిండ ముంచుకొచ్చి గీడనే పెట్టేది. ముందల కూసోని నీళ్లనే సూసేది. నేను గిన్నెలు తోముకుంట ఉంటే నన్ను గూడ పిలిచేది. సూడవే అరుణా, నా కండ్లు నమ్మబుద్ధి అయితలేవు, నీళ్లు కదులుతున్నయా అని."

"కదిలినయా?"

అరుణ బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ఊరంతా మంచాలు బయటేసుకున్న రోజుల్లో నిజంగానే కదిలేవని, అంచు మీద నీళ్లు సన్నగా వణకడం తను కూడా చూశానని చెప్పింది. "వానకాలం నుంచి మాత్రం ఒక్కనాడు గూడ కదల్లే. లేదక్కా అంటే, సరే తియ్, నేను గిట్ల సూస్తున్నట్టు ఎవలకు చెప్పకు, నవ్వుతరు అనేది. నీళ్లు కనకాంబరం మొక్కలకు పోసి లోపలికి పోయేది."

"తాగేది కాదా?"

"తాగుడెందుకు? ఒకపాలి ఎండకు వచ్చి నేను తాగబోతే చెయ్యి పట్టుకున్నది. ముట్టకే, నువ్వు ముడితే కదులుతయి అన్నది."

రోడ్డు మీద ట్రాక్టరు ట్రాలీ హారన్ మోగింది. ముఠావాళ్లు అరుణను కేకేశారు. ఆమె కవరు నెత్తిన వేసుకుని, బిడ్డను పక్కింటి వాకిట్లో ఉన్న తన అత్తకు అందించి, పరుగెత్తి ఎక్కింది. ట్రాలీ కాలువ గట్టు ఎక్కేదాకా సైదులు అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజు డ్యూటీకి పోలేదు. అరుగు చివర కూర్చుని చెంబును చూస్తూ ఉన్నాడు. ఆనాటి సాయంత్రం తన కళ్లతో చూసి కూడా ఎన్నడూ తలచుకోని సంగతి ఒకటి అప్పుడు గుర్తుకొచ్చింది. చెంబు నిండుగా ఉంది. దాని కింద, దాని చుట్టూ, అరుగు పొడిగా ఉంది. ఆమె చూస్తున్నంతసేపూ కదలని ఆ నీళ్లు, తను ఎత్తినప్పుడే, తన చేతిలోనే, మొదటిసారి తొణికాయి.